చెవి దోషమా, తీగ దోషమా?



గోడ గడియారము ఆగిపోయినచో మనము గడియారమునే తప్పుపట్టుదుము. దీపము వెలుగకున్నచో బల్బునో, మీటనో చూతుము. కాని చెవికి తగిలించుకొను పరికరము మూగవోయినప్పుడు, వినువారు వయసు మీరినవారైనచో, వారి అనుమానము పరికరము మీదికి పోదు. తమ చెవి మీదికే పోవును. మా ఇంటిలో జరిగినది అదియే. మా నాన్నగారు తమ ఎడమ చెవి చెడినదని నమ్మి, ఆ మాట ఎవ్వరితోను అనక, మూడు మాసములపాటు సంగీతము వినుట మానివేసిరి. ఆ మూడు మాసముల సంగతిని, దాని మూలమున మేము నేర్చుకొన్న కొన్ని విషయములను నేడు మీకు విన్నవించుకొందుము.

నాన్నగారికి ఎనుబది ఏండ్లు దాటినవి. రాత్రి భోజనమైన పిదప ఒక గంటసేపు హెడ్‌ఫోను పెట్టుకొని, ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనము మొదలైన పాత కచేరీల రికార్డులు వినుట వారికి చాలకాలముగా అలవాటు. పది సంవత్సరముల క్రిందట మేము కొనియిచ్చిన ఆ హెడ్‌ఫోను వెనుక తెరచియుండు జాతిది.

హెడ్‌ఫోనులలో ముఖ్యముగా రెండు జాతులు కలవు. ఒకదానిలో చెవిడొప్పకు వెనుకవైపున గట్టి మూత ఉండును. బయటి చప్పుడు లోనికి అంతగా రాదు. లోపలి పాట బయటికి అంతగా పోదు. రెండవదానిలో మూతకు బదులు జల్లెడ వంటి కప్పు మాత్రమే ఉండును. డొప్పలో కంపించు పలుచని పొర గాలిని ముందుకును వెనుకకును నెట్టును గదా! మూత ఉన్నచో వెనుకకు పోయిన ధ్వని డొప్పలో మారుమ్రోగును. జల్లెడ ఉన్నచో అది హాయిగా బయటికి సాగిపోవును. అందుచేత పాట తలలోపల ఇరుకుగా గాక, ఎదుట గదిలో పాడుచున్నట్లు విశాలముగా వినబడును. ఈ జాతిలో మొదట విపణికి వచ్చినది జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ 1968లో వెలువరించిన ఎచ్.డి. 414. పసుపుపచ్చని నురుగు దిండ్లతో అది లోకమంతటను ప్రసిద్ధి పొందినది.

ఈ జాతి హెడ్‌ఫోనుకు ఒక లోపము కలదు. పాట ప్రక్కవారికిని వినబడును. నిద్రపోవువారి చెంత దీనిని పెట్టుకొనరాదు. అయితే ఆ లోపమే మాకు మేలు చేసినది.

మా అమ్మగారు ఆ గంటసేపు నాన్నగారి ఎడమప్రక్కను కూర్చుండి దేవుని దీపమునకు వత్తులు చేసికొనుచుందురు. జల్లెడ నుండి జారిన పాట సన్నగా ఆమె చెవిని కూడ పడుచుండును. "మీరు పెట్టుకుంటే నేనూ విన్నట్టేనండీ" అని ఆమె పరిహాసమాడుట కలదు. ఒకప్పుడు నాన్నగారు వినుట తగ్గించిరి. పిదప పూర్తిగా మానిరి. అడిగినచో "కళ్లు లాగుతున్నాయి, పెందలాడే పడుకుంటాను" అనుచుండిరి. కళ్లకును పాటకును సంబంధమేమని మాలో ఎవ్వరికిని తోచలేదు. సంక్రాంతికి అందరము కూడినప్పుడు అమ్మగారే మాటల సందర్భమున అనిరి: "ఆయన మానేయడానికి ముందు నాలుగైదు రోజులు ఇటువైపు పాట వచ్చేది కాదురా. కుడిపక్కకు వెళ్లి కూర్చుంటే వినబడేది."

ఆ మాటకు మేము నిశ్చేష్టులమైతిమి. చెవి మందగించినచో నాన్నగారికి వినబడకపోవచ్చును. ప్రక్కనున్న అమ్మగారికి వినబడకుండుటకు కారణమేమి? ఎడమ డొప్పయే పలుకుట లేదన్నమాట.

వెంటనే హెడ్‌ఫోనును తెచ్చి నాన్నగారి తలకు తిరుగవేసి పెట్టితిమి. ఎడమ డొప్పను కుడి చెవికి, కుడి డొప్పను ఎడమ చెవికి. వారు కొంతసేపు కదలక వినిరి. "ఎడమ చెవిలో ఫిడేలు వినబడుతోందిరా" అని మెల్లగా అనిరి. వారి కన్నులు చెమర్చినవి. మూడు మాసములు వారు ఏమి మోసిరో మాకప్పుడు తెలిసినది.

ఈ పరీక్ష ఎవరైనను ఇంటిలో చేసికొనవచ్చును. తిరుగవేసినప్పుడు మందము డొప్పతోపాటు ప్రక్క మారినచో దోషము పరికరమునందో, దానికి పాటనందించు యంత్రమునందో ఉన్నది. ప్రక్క మారక ఆ చెవినే అంటిపెట్టుకొనియున్నచో దోషము చెవిలో ఉన్నది. ఇందు ఒక హెచ్చరిక. ఒక చెవి ఒక్క దినములోనో, రెండు మూడు దినములలోనో ఉన్నట్లుండి మందగించినచో దానిని గుబిలి అనియో, జలుబు అనియో ఉపేక్షింపరాదు. ఆ దినముననే చెవి వైద్యుని చూడవలెను. చికిత్సకు జాగు చేసినకొలది వినికిడి తిరిగివచ్చు ఆశ సన్నగిల్లును.

ఇక పరికరము సంగతి. ముందుగా మరియొక హెడ్‌ఫోనును అదే యంత్రమునకు తగిలించి చూచితిమి. రెండు ప్రక్కలును పలికినవి, యంత్రము నిర్దోషి. తరువాత తీగ. తెరచియుండు జాతిలో మేలైన హెడ్‌ఫోనులు పెక్కింటికి తీగ డొప్పల నుండి ఊడివచ్చునట్లు అమర్చబడియుండును. మా దానికి రెండు డొప్పలకును వేరువేరుగా తీగ పాయలు కలవు. ఎడమ పాయను కుడి డొప్పకును, కుడి పాయను ఎడమ డొప్పకును మార్చి తగిలించితిమి. ఇప్పుడు కుడి డొప్ప మూగవోయినది. ఎడమ డొప్ప పలికినది. తీగయే తెగినదని రూఢియైనది. ఇట్లు మార్చినను మొదటి డొప్పయే మూగగా ఉన్నచో, దోషము డొప్పలోని ధ్వనియంత్రమునందో, తీగ దూరు రంధ్రమునందో ఉన్నదని గ్రహింపవలెను.

తీగలు సాధారణముగా మూడుచోట్ల తెగును: యంత్రమునకు గ్రుచ్చు పిన్ను మెడవద్ద, డొప్పలో ప్రవేశించు చోట, ఒక తీగ రెండు పాయలుగా చీలు చోట. పై తొడుగు చెక్కుచెదరకున్నను లోపలి సన్నని రాగి పోగులు ఒక్కొక్కటిగా విరిగి, తుదకు ఒకటి రెండు పోగులపై ప్రాణము నిలుపుకొనియుండును. అప్పుడే కరకరమను చప్పుడు, ఒకసారి పలికి ఒకసారి మానుట మొదలగును. వార్తలు చదువు గొంతు వంటిది పెట్టుకొని, ఈ మూడుచోట్ల తీగను వ్రేళ్లతో మెల్లగా వంచి చూచినచో తెగినచోటు దొరకును. మా తీగ డొప్పవద్ద తెగినది. నాన్నగారు దానిని విప్పునప్పుడు తీగను పట్టి లాగుట మేము ఎరుగుదుము. వలదని చెప్పవలెనని మాకు తోచలేదు.

క్రొత్త తీగ కొనునప్పుడు చూడవలసినది దాని కొనల ఆకారము. ఇది అన్నిటికిని ఒకటి కాదు. సెన్‌హైజర్ వారి ఎచ్.డి. 600 వంటి వాటికి ఒక్కొక్క డొప్పకు రెండేసి ముండ్లు గల కొన ఉండును. అందు ఒక ముల్లు లావు, ఒకటి సన్నము. కావున తలక్రిందులుగా దూరదు, బలవంతపెట్టరాదు. ఏ.కే.జి. వారి కె. 702 వంటి వాటికి ఒకే డొప్పకు మూడు ముండ్ల కొన ఉండును. ఎర్ర గుర్తు కుడివైపునకని లోకాచారము. తీయునప్పుడును పెట్టునప్పుడును కొననే పట్టుకొనవలెను గాని తీగను గాదు.

తీగ ఊడిరాని హెడ్‌ఫోనులును కలవు. వాటికి డొప్పను విప్పి టంకము వేయవలెను. ఇది చేయి తిరిగిన రేడియో మరమ్మతుదారుకు అప్పగించుట మేలు. ఏలనన అట్టి తీగలలో పోగులకు తరచుగా కంటికి కనబడని లక్క వంటి పూత ఉండును. వేడితో ఆ పూతను పోగొట్టనిదే టంకము పట్టదు. పట్టినట్లు కనబడి, వారము తిరుగకయే విడిపోవును.

తీగ కొనబోయినచోట మాకు మరియొక బోధ జరిగినది. వెండి తీగ వేసినచో స్వరములు తేటపడుననియు, దాని వెల హెడ్‌ఫోను వెలలో సగమనియు అమ్మువారు చెప్పిరి. మేము ఇంటికి వచ్చి లెక్క వేసితిమి. మూడు మీటర్ల తీగ రానుపోను ఆరు మీటర్లు. అడ్డుకోత 0.1 చదరపు మిల్లీమీటరు గల రాగి పోగులైనచో దాని నిరోధము సుమారు ఒక ఓము. హెడ్‌ఫోను నిరోధము 300 ఓములు. మూడువందలలో ఒక వంతు తీగలో పోయినచో ధ్వనిలో తగ్గునది సుమారు 0.03 డెసిబెల్. ఒక డెసిబెల్ తేడాను కనిపెట్టుటయే చెవికి కష్టము. ఇక వెండి రాగికంటె విద్యుత్తును మెరుగుగా ప్రవహింపజేయుట నిజమే గాని, ఆ మెరుగు నూటికి ఆరు వంతులకు మించదు. కావున తెగిన తీగను మార్చుట అవసరము. తెగని తీగను వెండి కొరకు మార్చుట అలంకారము. మేము సాధారణమైన రాగి తీగనే కొంటిమి. ముప్పది ఓముల హెడ్‌ఫోనుకైనచో సన్నని పొడవైన తీగ కొంత తేడా చూపును. అందును కావలసినది లావైన రాగి తీగయే.

తీగ మారినది; రెండు డొప్పలును పలికినవి. నాన్నగారు విని, "వినబడుతోంది. కాని మునుపటి నిండుతనం లేదు" అనిరి. వారి మాట మరల చెవి దోషముగా త్రోసివేయక, ఈసారి డొప్పలను చూచితిమి. చెవిదిండ్లు పది సంవత్సరములవి. కొబ్బరినూనె, చెమట, దుమ్ము ఇంకి అప్పడములవలె అణగిపోయినవి.

చెవిదిండు కేవలము మెత్తదనమునకు పెట్టినది కాదు. చెవికిని కంపించు పొరకును ఎంత దూరముండవలెనో, చెవి చుట్టు గాలి ఎంతవరకు నిలువవలెనో నిర్ణయించునది అదియే. దిండు అణగినచో చెవి పొరకు దగ్గరగును. తల చుట్టు అంచు సరిగా ఆనదు. అంచు ఆననిచోట మంద్రస్వరములు జారిపోవును. దూరము మారుటచే పై స్వరముల పొందిక చెడును. కొందరికి చెవి లోపలి కప్పును తాకి నొప్పిపెట్టును. హెడ్‌ఫోను పాతబడినదని మనమనుకొనునది పెక్కుసార్లు దిండు పాతబడుటయే.

దిండ్లు మార్చుట కష్టము కాదు. ఎచ్.డి. 600 వంటి వాటిలో దిండు వెనుక ప్లాస్టిక్ చట్రము ఉండును. ఒక అంచున వ్రేళ్లు దూర్చి మెల్లగా లాగినచో చట్రపు కొక్కెములు వరుసగా వదలును. దాని వెనుక పొరను కాపాడు పలుచని నురుగు బిళ్ల ఉండును. దానిని పారవేయరాదు, చినిగినచో మార్చవలెను. క్రొత్త దిండును చోటున ఉంచి చుట్టును బొటనవ్రేళ్లతో నొక్కినచో ఒక్కొక్క కొక్కెము టక్కుమని పట్టును. బేయర్‌డైనమిక్ వారి డి.టి. 990 వంటి వాటిలో దిండునకు వస్త్రపు అంచు ఉండును. దానిని డొప్ప చుట్టునున్న గాడిలోనికి కొంచెము కొంచెముగా సాగదీసి ఎక్కించవలెను. ఓపిక కావలెను, పదునైన పనిముట్టు వాడరాదు. పొర జోలికి మాత్రము పోరాదు. మంచి ముఖమల్ దిండ్లకు బదులు తోలు దిండ్లు వేసినచో రూపమేగాదు, ధ్వనియు మారును. తోలు గాలిని బిగించి మంద్రమును పెంచును. మునుపటి ధ్వనియే కావలెనన్నచో మునుపటి జాతి దిండ్లే వేయవలెను.

క్రొత్త దిండ్లతో ఆ రాత్రి నాన్నగారు గంటకు బదులు రెండు గంటలు వినిరి. అమ్మగారు ఎడమప్రక్కనే కూర్చుండిరి. తీగకును దిండ్లకును కలిపి మాకైన వ్యయము క్రొత్త హెడ్‌ఫోను వెలలో అయిదవ వంతునకు లోపే.

ఇక్కడ కథ ముగిసినచో బాగుండెడిది. నాలుగు దినములకు వారు మరల అనిరి: "ఫిడేలు బాగుంది. మాటలే, గొంతు వినబడుతోంది గాని అక్షరం తెలియడం లేదు." మా తమ్ముడు ఇంకను మేలైన క్రొత్త రకము కొనుదమనెను. మేమును అందుకు సిద్ధపడితిమి. తండ్రికి చేయుటలో వెల చూడరాదు గదా!

కాని క్రొత్త రకము ఏమి ఇచ్చునో, ఏమి ఇయ్యదో ఆలోచింపవలెను. సెన్‌హైజర్ వారి ఒక కుటుంబమునే చూడుడు. ఎచ్.డి. 580 వచ్చినది 1993లో, 600 వచ్చినది 1997లో, 650 వచ్చినది 2003లో. పదేండ్ల యెడముతో పుట్టిన ఈ మూడింటికిని చెవిదిండ్లు ఒకటే. ఒకదాని తీగ మరియొకదానికి సరిపోవును. వీని ధ్వనిలో తేడా లేదనము. 650 కొంత మృదువుగా, మంద్రము కొంత ముందుగా వినబడునని వినువారు చెప్పుదురు. కాని ఆ తేడా అన్నదమ్ముల గొంతులలోని తేడా వంటిది. అణగిన దిండ్ల 650 కంటె మంచి దిండ్ల 600 మేలు. పైగా 300 ఓముల హెడ్‌ఫోనును చేతిఫోనుకు తగిలించి, ధ్వని చాలలేదని రకము మార్చువారు కలరు. వారికి కావలసినది మేలురకము హెడ్‌ఫోను కాదు, దానిని నడుపగల యాంప్లిఫయరు. హెడ్‌ఫోను బాగుగా ఉండి, తీగయు దిండ్లును క్రొత్తవై, యంత్రమునకు శక్తియుండి, అప్పటికిని మనసు తృప్తి చెందకున్నచో, పాతదానిని క్రొత్తదానిని ఒకే పాటతో, ఒకే హెచ్చులో పోల్చి విని కొనవచ్చును. హెచ్చుగా పలుకునది మేలుగా తోచుట చెవికి సహజమైన భ్రమ.

అక్షరము తెలియుట లేదన్న మాట మమ్ము ఆలోచింపజేసినది. ఈసారి పరికరముమీద నెపము పెట్టుటకు మాకు ఆధారము లేదు. నాన్నగారిని చెవి వైద్యునికి చూపితిమి. 250 నుండి 8000 హెర్ట్‌జుల వరకు ఒక్కొక్క స్వరమును వినిపించి, ఏది ఎంత హెచ్చులో వినబడునో గీత గీసిరి. రెండు చెవుల గీతలును ఒకే తీరున ఉన్నవి; పై స్వరములవద్ద రెండును క్రిందికి దిగినవి. వయసుతో వచ్చు మందము ఇట్లే పై స్వరములతో మొదలగునట. స, శ, ష వంటి అక్షరముల బలము ఆ పై స్వరములలోనే ఉండును. అందుచే గొంతు వినబడును, అక్షరము జారును. దీనిని ఏ హెడ్‌ఫోనును బాగుచేయలేదు.

వైద్యుడు మరియొక ప్రశ్న వేసిరి: "వినేటప్పుడు గదిలో పంకా తిరుగుతుందా?" తిరుగును. వెనుక తెరచియుండు హెడ్‌ఫోను పంకా రొదను, వీధి రొదను లోనికి రానిచ్చును. ఆ రొదను మించుటకు మనము తెలియకయే హెచ్చును పెంచుదుము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పిన మేర 80 డెసిబెల్‌ల హెచ్చున వారమునకు 40 గంటలు. హెచ్చు 3 డెసిబెల్‌లు పెరిగినచో ఆ గంటలు సగమగును. కావున ఈ జాతి హెడ్‌ఫోను పెట్టుకొనువారు గది నిశ్శబ్దముగా ఉన్న వేళను ఎన్నుకొనుట మేలు. మరమ్మతు అనునది పరికరమునకే గాక అలవాటునకును కావలసియుండును.

క్రొత్త రకమునకై ఎత్తిపెట్టిన ధనము శ్రవణయంత్రమునకు వినియోగమైనది. ఇప్పుడు మాటలకు శ్రవణయంత్రము, పాటకు పాత హెడ్‌ఫోను. నాన్నగారు తీగను గాక కొనను పట్టి విప్పుచున్నారు. దిండ్లను వారమునకొకమారు పొడిగుడ్డతో తుడుచుచున్నారు.

ఒకనాడు మేము అడిగితిమి: "మూడు నెలలు మాతో ఎందుకు చెప్పలేదు నాన్నగారూ?" వారు కొంతసేపు ఊరకుండి అనిరి: "చెబితే డాక్టరుకు చూపిస్తారు. ఆయన నిజమే అంటాడేమోనని."

శ్రోతలారా, మీ ఇండ్లలోను ఇట్టి పెద్దలు ఉందురు. వారు పాట వినుట మానినచో, రేడియో హెచ్చు పెంచమని అడుగుట మానినచో, కళ్లు లాగుచున్నవని చెప్పినచో, ఊరకుండవలదు. హెడ్‌ఫోనును ఒకసారి తిరుగవేసి పెట్టి చూడుడు. తీగయైనచో తీగ మార్చుడు. దిండైనచో దిండు మార్చుడు. చెవియైనచో చేయి పట్టుకొని వైద్యునికి చూపుడు. మూడింటికిని మార్గము కలదు. మార్గము లేనిది వారు మౌనముగా పోగొట్టుకొను మాసములకే.

సెలవు.